బంజారా కొండల సీతాకోకచిలుకలు

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకంటే బాగా చెప్పగలవాళ్ళు ఇప్పటికే చెప్పారు. నేను ముప్పై అయిదేళ్ళు లెక్కల విభాగంలో పనిచేసి 2007లో రిటైరైనవాణ్ణి. సీతాకోకచిలుకల మీద మాట్లాడతానంటే, "ఆ శాఖకు మీకు డిప్యుటేషన్ ఎప్పుడు పడింది?" అని ఒక మిత్రుడు అడిగారు. రిటైరైన తర్వాతే పడిందండి. షుగరు వచ్చింది, డాక్టరు గారు నడవమన్నారు, కె.బి.ఆర్. పార్కుకు వెళ్ళడం మొదలుపెట్టాను. తోటి నడకరుల మాటలన్నీ మందుల చుట్టూ, కోడళ్ళ చుట్టూ తిరుగుతుండేసరికి నేను కళ్ళు పొదల వైపు తిప్పుకున్నాను. అక్కడినుంచి ఇదిగో, ఇక్కడిదాకా వచ్చాను.

ముందు మన కొండల సంగతి ఒక్క మాట. బంజారా హిల్స్, జూబ్లీ హిల్స్ అంటే ఇప్పటి పిల్లలకు షాపింగ్ మాల్సు, సినిమా వాళ్ళ ఇళ్ళు. అసలు ఇది రాతి దేశం. ఈ గ్రానైటు దాదాపు రెండు వందల యాభై కోట్ల సంవత్సరాల నాటిది. సముద్రమట్టానికి అయిదు వందల మీటర్లకు పైన ఉన్నాం. ఏడాదికి కురిసేది ఎనిమిది వందల మిల్లీమీటర్లకు అటూ ఇటూ, అదీ చాలావరకు జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. మిగిలిన ఎనిమిది నెలలూ ఎండే. బండల మీద మట్టి జానెడు కూడా ఉండదు. ఇలాంటి చోట మహావృక్షాలు మొలవవు. రేగు, తుమ్మ, తంగేడు, సీతాఫలం, జిల్లేడు, ఆదొండ తీగ, ఇవీ ఇక్కడి అసలు కాపురస్థులు. వీటి మధ్య తండాలు వేసుకుని బతికిన బంజారాల పేరే కొండకు వచ్చింది. నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ బండలను పగలగొట్టకుండా వాటి మధ్యనే ఇల్లు కట్టుకుని ఈ ప్రాంతానికి దారి చూపించారు. తర్వాత వచ్చినవాళ్ళు ఆయన దారిలో నడిచారు గాని ఆయన పద్ధతిలో నడవలేదు.

1972లో నేను ఉద్యోగంలో చేరేనాటికి మాసాబ్ ట్యాంకు దాటి పైకి ఎక్కితే మనిషి కనిపించడం తక్కువ. సీతాఫలాల కాలంలో తట్టలు మోసుకు దిగే ఆడవాళ్ళు కనిపించేవారు. 1976లో అక్కినేని నాగేశ్వరరావు గారు అన్నపూర్ణ స్టూడియోస్ మొదలుపెట్టినప్పుడు, ఈ రాళ్ళల్లో స్టూడియో ఏమిటని చెవులు కొరుక్కున్నవాళ్ళు మన ఆఫీసులోనూ ఉన్నారు. ఆ తర్వాత రామానాయుడు స్టూడియో, ఫిల్మ్ నగర్, మిగతాదంతా మీకు తెలిసిందే. నిజాం వారసుడు ముకర్రం జా గారి చిరాన్ ప్యాలెస్ ఆవరణ మాత్రం గోడ లోపల ఉండడం వల్ల అలాగే మిగిలింది. 1998లో దాన్ని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనంగా ప్రకటించారు. నాలుగు వందల ఎకరాలకు కొంచెం తక్కువ. ఆనాటి కొండ ఎలా ఉండేదో చూడాలంటే ఇప్పుడు అందులోకే వెళ్ళాలి.

సీతాకోకచిలుక అనగానే మనకు పువ్వు గుర్తొస్తుంది. క్యాలెండరు బొమ్మల్లోనూ, సినిమా పాటల్లోనూ అంతే. 1981లో భారతీరాజా గారు ఆ పేరుతోనే సినిమా తీశారు, జాతీయ బహుమతి కూడా వచ్చింది. కాని పువ్వు దానికి హోటలు లాంటిది. పోతూ పోతూ ఏ హోటల్లోనైనా టీ తాగుతాం కదా, అలా ఏ పువ్వు మీదైనా వాలుతుంది. పిల్లల్ని పెట్టుకునే ఇల్లు మాత్రం ఆకు. ఆ ఆకు విషయంలో దాని పట్టుదల మన ఆడిట్ వాళ్ళకు కూడా ఉండదు. ఒక్కొక్క జాతి పురుగు ఒకటి రెండు రకాల మొక్కల ఆకే తింటుంది. అది దొరక్కపోతే పస్తుండి చస్తుంది గాని పక్క చెట్టు ముట్టదు. తల్లి చిలుక గుడ్డు పెట్టేముందు ముందుకాళ్ళతో ఆకును తడుతుంది, దానికి రుచి తెలిసేది కాళ్ళతోనే. మా ఇంటి కరివేపాకు చెట్టు మీద ఈ పరీక్ష ఎన్నోసార్లు చూశాను. తట్టి, నచ్చక, గోడ మీది బోగన్‌విల్లాను కనీసం పలకరించకుండా వెళ్ళిపోతుంది. నచ్చితే ఆవగింజకంటే చిన్న పసుప్పచ్చ గుడ్డు ఒకటి అంటించిపోతుంది.

ఈ కరివేపాకు చిలుకను ఇంగ్లీషులో లైమ్ బటర్‌ఫ్లై అంటారు. నలుపు మీద లేత పసుపు మచ్చలు. నిమ్మ, మారేడు కూడా దానికి ఇష్టమే. పిల్ల పురుగు మొదట్లో అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది. పిట్ట తన రెట్టను తాను తినదు కదా, అదీ దాని ధీమా. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. మీరు వేలితో తాకితే తల వెనకనుంచి ఎర్రని రెండు కొమ్ములు బయటకు పెట్టి ఒక ఘాటు వాసన వదులుతుంది. కరవదు, దురద పెట్టదు. మనం గొంగళిపురుగు అని భయపడే వెంట్రుకల పురుగులు చాలావరకు రాత్రిపూట దీపం చుట్టూ తిరిగే మాత్‌ల పిల్లలు. మా ఆవిడ మొదట్లో ఈ ఆకుపచ్చ పురుగులను చీపురుతో దులిపేసేది. పురుగు ఎక్కిన రెమ్మలు దానికి, మిగిలినవి పోపుకు అని మా ఇంట్లో ఇప్పుడు ఒక ఒప్పందం కుదిరింది. చెట్టు బాగానే ఉంది, చారూ బాగానే ఉంది.

ఇంకో చిత్రం చెబుతాను. మొన్న వినాయక చవితికి మనమందరం ఏకవింశతి పత్రి పూజ చేశాం. అందులో బిల్వపత్రం ఉంది, అది లైమ్ బటర్‌ఫ్లై ఇల్లు. బదరీపత్రం, అంటే రేగు ఆకు, తెల్లని రెక్కల మీద నల్ల చుక్కలుండే కామన్ పియరో అనే చిన్నదాని ఇల్లు. కరవీరపత్రం, అంటే గన్నేరు, దాని మీద పెరిగేది ముదురు గోధుమరంగు కామన్ క్రో. ఆకు కింద వేలాడే దాని గూడును చూడాలి మీరు. తళతళలాడే వెండి బంగారు జూకాలాగా ఉంటుంది, మన మొహం కనిపిస్తుందేమో అనిపిస్తుంది. అర్కపత్రం, జిల్లేడు. దాని సంగతి విడిగా చెప్పాలి. దాడిమీపత్రం కూడా ఉంది గాని, దానిమ్మ కాయను తొలిచే చిలుక రైతుకు శత్రువు. అన్నీ మనకు మిత్రులే అని నేను అనను. పత్రి జాబితా రాసిన పెద్దలు సీతాకోకచిలుకలను దృష్టిలో పెట్టుకోలేదు. చుట్టూ దొరికే మొక్కలను రాశారు. ఇవన్నీ ఒకప్పుడు పెరట్లో, గట్టు మీద దొరికేవి. ఇప్పుడు మోండా మార్కెట్లో కట్టకు ఇంత అని కొనుక్కొస్తున్నాం.

జిల్లేడు దగ్గరకు వస్తాను. రథసప్తమి నాడు నెత్తిన పెట్టుకుని స్నానం చేసే ఆకు ఇదే. ఏ బండ సందులో చూసినా మొలుస్తుంది. మేక కూడా ముట్టదు, పాలలో విషం ఉంటుంది. ప్లెయిన్ టైగర్ పురుగు మాత్రం ఆ ఆకునే తిని, ఆ విషాన్నే ఒంట్లో దాచుకుంటుంది. పెరిగి, నారింజరంగు రెక్కల చిలుకై బయటకు వచ్చాక కూడా ఆ విషం దానితోనే ఉంటుంది. ఒకసారి దాన్ని మింగిన పిట్ట కక్కుకుంటుంది, మళ్ళీ ఆ రంగు జోలికి పోదు. అందుకే ప్లెయిన్ టైగర్ తొందర లేకుండా, పెన్షన్ వచ్చిన రోజు మనం నడిచినట్టు నింపాదిగా ఎగురుతుంది.

దీని వేషం చూసి లాభపడేది ఇంకొకటుంది. డనాయిడ్ ఎగ్‌ఫ్లై అనే చిలుకలో మగది నల్లగా, రెక్కల మీద నీలి అంచు తెల్ల మచ్చలతో ఉంటుంది. ఆడది మాత్రం అచ్చం ప్లెయిన్ టైగర్ లాగే ఉంటుంది. దానిలో విషం లేదు. అది పెరిగింది మనం పప్పులో వేసుకునే గంగవాయిలి కూర మీద! కమ్మని తిండి తిని, విషం తిన్నవాడి వేషం వేసుకుని తిరుగుతుంది. పిట్టలు దూరంగా ఉంటాయి. ఫిల్మ్ నగర్‌లో డూపులు ఉన్నారని మనం గొప్పగా చెప్పుకుంటాం, పక్క కొండ మీద ఈ డూపు ఎన్ని వేల ఏళ్ళుగా పనిచేస్తోందో.

కరివేపాకు మీదే పెరిగే కామన్ మార్మన్‌ది ఇంకా పెద్ద కథ. దాని ఆడవాటికి మూడు రకాల వేషాలు. ఒకటి మగదానిలాగే, ఒకటి కామన్ రోజ్ లాగా, ఒకటి క్రిమ్సన్ రోజ్ లాగా. ఈ రోజ్‌లు రెండూ గాడిదగడపాకు, ఈశ్వరి తీగల కుటుంబం మీద పెరిగే విషపు జాతులు. ఒకే తల్లి కడుపున ఇన్ని వేషాలెలా అని శాస్త్రజ్ఞులు నూరేళ్ళకు పైగా తల పట్టుకున్నారు. 2014లో కృష్ణమేఘ్ కుంటే గారు, ఆయన సహచరులు 'నేచర్' పత్రికలో దాని గుట్టు విప్పారు. డబుల్‌సెక్స్ అనే ఒక్క జన్యువే ఈ మార్పునంతా నడుపుతోందట. ఇంత పెద్ద పరిశోధన జరిగిన చిలుక మన వంటింటి వెనక కరివేపాకు మీద కూర్చుంటుంది.

ఈ పేర్లన్నీ ఇంగ్లీషువేనా అని అడగవచ్చు. మనకు చిలుకలన్నింటికీ కలిపి ఒకే అందమైన పేరుంది, విడివిడి పేర్లు లేవు. ఇంగ్లీషు పేర్లు పెట్టినవాళ్ళలో సైనికాధికారులు చాలామంది. అందుకే కమాండర్, సార్జెంట్, బారనెట్, నవాబ్, రాజా అని హోదాలన్నీ పంచిపెట్టారు. చింతచెట్టు మీద పెరిగే దానికి బ్లాక్ రాజా అని పేరు. నవాబుల కొండ కనుక ఆ పేర్లు ఇక్కడ బాగానే అతుకుతాయి. ఆసక్తి ఉన్నవారికి ఐజాక్ కెహిమ్కర్ గారి పుస్తకం ఉంది, బొమ్మలతో చక్కగా ఉంటుంది. మన మనవలు తెలుగులో పేర్లు పెడితే నాకు ఇంకా సంతోషం.

మా అబ్బాయి కొన్నాళ్ళు మస్కట్‌లో ఉద్యోగం చేశాడు. మేమిద్దరం చూడ్డానికి వెళ్ళాం. విమానం దిగేసరికి చుట్టూ బోడి కొండలు, ఎండ. "ఇక్కడ ఏముంటుంది మీకు?" అని వాడే జాలిపడ్డాడు. ఊరి వెనక వాగు ఒడ్డున జిల్లేడు కనిపించింది. జిల్లేడు ఉంటే ఇంకేం కావాలి, దాని పక్కనే ప్లెయిన్ టైగర్! దక్కను కొండలకు, అరేబియా కొండలకు, ఆఫ్రికా పొడి నేలలకు ఈ బంధుత్వం ఉంది. రెక్కల కొసలకు నారింజ, ఎరుపు రంగు అద్దుకునే తెల్లని చిలుకలు మన ఆదొండ ముళ్ళ చుట్టూ తిరుగుతుంటాయి, వాటి దాయాదులు ఎర్రసముద్రానికి అటూ ఇటూ ఉన్నాయి. ఒకదానికైతే స్మాల్ సాల్మన్ అరబ్ అనే పేరు. ఈజిప్టులో నెబామున్ అనే అధికారి సమాధి గోడ మీద, క్రీస్తుకు పూర్వం 1350 ప్రాంతంలో వేసిన వేట చిత్రంలో ప్లెయిన్ టైగర్లు ఉన్నాయి. ఆ గోడముక్క ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. నెబామున్ కూడా లెక్కలు చూసిన గుమాస్తాయేనని చదివి నాకు కొంచెం గర్వం కలిగింది.

పొడి దేశంలో బతకడం తేలిక కాదు. మే నెలలో మన పార్కులో చిలుకలు బాగా తగ్గిపోతాయి. కొన్ని గూటిలోనే ఆగిపోతాయి, కొన్ని నీడలో గుంపుగా కూర్చుని కాలక్షేపం చేస్తాయి, కొన్ని వలసపోతాయి. సాయంత్రం దీపం పెట్టేవేళకు వరండాలోకి వచ్చే గోధుమరంగు ఈవినింగ్ బ్రౌన్‌ను మీరందరూ చూసే ఉంటారు. వానాకాలంలో పుట్టిన దాని రెక్కల అడుగున కళ్ళలాంటి చుక్కలు వరసగా ఉంటాయి. ఎండాకాలంలో పుట్టిన దానికి అవి దాదాపు ఉండవు, ఎండుటాకులా ఉంటుంది. ఒకే జాతి, రెండు బట్టలు. తొలకరి పడ్డాక చూడాలి సంబరం. తడి మట్టి మీద మగ చిలుకలు గుంపులుగా వాలి ఉప్పు లవణాలు పీలుస్తాయి. బతుకమ్మ నాటికి తంగేడు పూలు విచ్చుకుంటాయి, తంగేడు మీదా, కసివింద మీదా పెరిగిన లేత పసుపు చిలుకలు ఆ పూల మధ్యనే తిరుగుతుంటాయి. తంగేడును 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు. ప్రకటించాక మన కాలనీలో ఎక్కడైనా ఒక్క మొక్క నాటారా అంటే, నాకు కనబడలేదు.

ఇక అసలు కష్టం దగ్గరకు వస్తాను. మనం స్థలం 'శుభ్రం' చేయడమంటే ఏం చేస్తున్నాం? జిల్లేడు, గాడిదగడపాకు, ఆదొండ, రేగు, ముళ్ళగోరింట, కసివింద, ఇవన్నీ పీకి పారేస్తాం. లాన్ గడ్డి పరుస్తాం, క్రోటన్లు పెడతాం, అంచున కాగితం పూలు. చూడ్డానికి పచ్చగానే ఉంటుంది. కాని అక్కడ గుడ్డు పెట్టడానికి ఒక్క ఆకు ఉండదు. హోటళ్ళున్నాయి, ఇళ్ళు లేవు. పువ్వు మీద వాలిన చిలుకను చూసి అంతా బాగుందనుకుంటాం. అది పక్క గోడ అవతలి బండ దగ్గర పుట్టింది. ఆ బండ కూడా పోతే వచ్చే ఏడాది రాదు.

పెద్ద ఎత్తున కూడా ఇదే జరుగుతోంది. 2016లో కె.బి.ఆర్. పార్కు చుట్టూ కూడళ్ళలో ఫ్లైఓవర్లు కట్టడానికి చెట్లు కొట్టాలన్నప్పుడు నడకరులు, విద్యార్థులు రోడ్డెక్కారు, గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. 2020లో పార్కు చుట్టూ ఉండవలసిన రక్షిత వలయాన్ని కొన్నిచోట్ల 3 మీటర్లు, ఎక్కువలో ఎక్కువ 29.8 మీటర్లు అని ఖరారు చేశారు. 3 మీటర్లంటే మన హాలు వెడల్పు కూడా లేదు. 2024లో అండర్‌పాస్‌లు, ఫ్లైఓవర్ల ప్రణాళిక మళ్ళీ వచ్చింది. ట్రాఫిక్ బాధ నాకూ తెలుసు, పంజాగుట్టలో గంట కూర్చున్నవాణ్ణే. కాని చిలుకలకు ముఖ్యమైనది అడవి నడుమ కాదు, ఎండ తగిలే అంచు. కలుపు మొక్కలు మొలిచేది అక్కడే. రోడ్డు మింగేదీ అంచునే. 2025లో కంచ గచ్చిబౌలిలో నాలుగు వందల ఎకరాల మీదికి బుల్డోజర్లు వచ్చినప్పుడు, ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆపమంది. అదీ ఇలాంటి రాళ్ళూ పొదల నేలే. 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్ళు ఈ బండల కోసం మొత్తుకుంటూనే ఉన్నారు. పనికిరాని భూమి అని ఫైలులో రాసే మాట ఒకప్పుడు మనమూ రాసిందే. అది ఎవరికి పనికిరాదో ఆ ఫైలులో కాలమ్ ఉండదు.

కోర్టులదాకా వెళ్ళే ఓపిక మన వయసులో అందరికీ ఉండదు. మన చేతిలో ఉన్నది ఒకటుంది. నేటి ఎజెండాలో ఆరో అంశం. సంఘ భవనం వెనక ఉన్న బండను కొట్టించి, స్థలం చదును చేసి, పార్కింగ్‌కు టైల్స్ పరచాలని ప్రతిపాదన. కార్లు పెట్టుకోవడానికి ఇబ్బందిగా ఉన్న మాట నిజం. మోకాళ్ళ నొప్పులవాళ్ళు వీధి చివర దిగి నడవలేకపోతున్నారు. కాబట్టి పార్కింగే వద్దని నేను అనడం లేదు. గేటు వైపు సగం చదును చేయండి. బండను, దాని వెనక సగాన్ని వదిలేయండి. నేను కోశాధికారి గారితో కూర్చుని లెక్క చూశాను. బండ కొట్టించే ఖర్చే అంచనాలో పెద్ద భాగం, అది మిగిలిపోతుంది. ఆ సగంలో జిల్లేడు ఉంది, రేగు ఉంది, గోడ మీదికి పాకిన ఆదొండ ఉంది. ఒక కరివేపాకు, ఒక మారేడు, నాలుగు తంగేళ్ళు నేను తెచ్చి నాటుతాను. పురుగుమందు కొట్టకూడదు, అదొక్కటే షరతు. పాములొస్తాయని కొందరు సోదరీమణులు అన్నారు. వాళ్ళ భయం కాదనను. నెలకోసారి దారి మేరకు గడ్డి కోయిద్దాం, బండ చుట్టూ మాత్రం వద్దు. ఈ పని చూసుకోవడానికి మన సభ్యుల్లో ఇద్దరు ముందుకొచ్చారు.

అధ్యక్షులు గారూ, ఒక్క విన్నపం. ఆరో అంశానికి చేతులెత్తే ముందు టీ విరామం ఇవ్వండి. ఉదయం అయిదింటికి నడిచే మనకు చిలుకలు కనబడవు, ఎండ ఎక్కితేగాని వాటికి రెక్కలు కదలవు. ఇప్పుడు పదకొండు కావస్తోంది, మబ్బు కూడా లేదు. వెనక మెట్లు దిగగానే ఎడమవైపు జిల్లేడు, పైనుంచి మూడో ఆకు అడుగున నలుపు, తెలుపు, పసుపు పట్టీల పురుగు ఒకటుంది. ఒంటి మీద మూడు జతల నల్లని తీగలుంటాయి, చూస్తే భయం వేస్తుంది గాని ఏమీ చేయదు. మనవలను కూడా తీసుకెళ్ళండి. ఆకు తెంపనివ్వకండి, వంచి చూపిస్తే చాలు.